బ్యాటరీ స్కూటరు చక్రానికి పంక్చరు పడితే



ఈ మధ్య మన వీధుల్లో చప్పుడు లేని స్కూటర్లు ఎక్కువయ్యాయి. హోసూరులోనూ, బళ్లారిలోనూ, కోలారులోనూ, షోలాపూరులోనూ, బరంపురంలోనూ, యానాంలోనూ ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు కూడా ఇవి కనిపిస్తున్నాయి. బ్యాటరీ బండి అని కొందరూ, కరెంటు బండి అని కొందరూ అంటున్నారు. పేరు ఏదైనా, దానికీ రెండు చక్రాలే. ఆ చక్రాలకూ గాలి టైర్లే. దారిలో మేకు ఉంటే దానికీ గుచ్చుకుంటుంది. అయితే, బండి తోసుకుంటూ పంక్చరు షాపుకు వెళితే, "ఇది కరెంటు బండి తల్లీ, నేను ముట్టుకోను, కంపెనీకి తీసుకెళ్లండి" అనే మాట వినవలసి వస్తోంది. కంపెనీవారి సర్వీసు కేంద్రం ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే ఆడపిల్ల ఆ బండిని ఎంత దూరమని తోయగలదు? ఇంకోవైపు, తెలిసీ తెలియక చక్రం ఊడదీసి, ఒక చిన్న వాషరు తిప్పి బిగించినందువల్ల మోటారు తీగలే తెగిపోయే ప్రమాదమూ ఉంది. కనుక బ్యాటరీ స్కూటరు టైరును ఎప్పుడు తీయాలి, ఎలా తీయాలి, ఎలా బాగుచేయాలి అనే విషయాలు ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం. బండి ఉన్నవారికీ, పంక్చరు షాపు నడుపుకునేవారికీ కూడా ఇవి పనికివచ్చే సంగతులే.

ఈ బండ్లు మనకు కొత్తగా అనిపించినా, వీటి పుట్టిల్లు మనకు దూరమేమీ కాదు. తెలుగు మాట్లాడేవారు తరతరాలుగా ఉంటున్న తమిళనాడులోని హోసూరు ప్రాంతం దేశంలో బ్యాటరీ స్కూటర్ల తయారీకి ఒక ముఖ్య కేంద్రం. 1980లో టి.వి.ఎస్. 50 మోపెడ్ వచ్చింది ఇక్కడినుంచే. ఆ సంస్థవారి బ్యాటరీ స్కూటరు ఐక్యూబ్ 2020లో మార్కెట్లోకి వచ్చింది. ఏథర్ సంస్థ 2021లో హోసూరులో ఫ్యాక్టరీ పెట్టింది. అదే సంవత్సరం కృష్ణగిరి జిల్లా పోచంపల్లి దగ్గర ఓలా ఫ్యాక్టరీ ఏర్పడింది. బండి తయారయ్యే చోటే, ఆ బండికి పంక్చరు వేసే మనిషి దొరకలేదంటే అది విడ్డూరమే కదా!

ముందుగా, పాత స్కూటరుకూ దీనికీ తేడా ఏమిటో చూద్దాం. వెనకటి బజాజ్ చేతక్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దానికి స్టెప్నీ ఉండేది. టైరులో గాలి పోతే నట్లు విప్పి, స్టెప్నీ చక్రం తగిలించుకుని, పది నిమిషాల్లో బయలుదేరేవాళ్లం. దాని రిమ్ము రెండు ముక్కలుగా ఉండేది. గాలి పూర్తిగా తీసేసి, రిమ్ము నట్లు విప్పితే రెండు ముక్కలూ విడిపోయి టైరు చేతికి వచ్చేది. ఇంజను ఒకచోట, చక్రం మరొకచోట. చక్రానికి ఏం చేసినా ఇంజనుకు ఏమీ కాదు.

ఇప్పటి బ్యాటరీ స్కూటర్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. రిమ్ము ఒకటే ముక్క. అంతేకాదు, చాలా బండ్లలో మోటారు వెనుక చక్రం లోపలే ఉంటుంది. దీన్ని హబ్ మోటారు అంటారు. చక్రం మధ్యలో పెద్ద గిన్నెలా కనిపించేది అదే. దానిలో తీగల చుట్టలు ఇరుసుకు బిగించి కదలకుండా ఉంటాయి. వాటి చుట్టూ అయస్కాంతాలు అమర్చిన గిన్నె తిరుగుతుంది. అంటే ఈ బండిలో ఇరుసు తిరగదు, తిరగకూడదు. చక్రం మాత్రమే తిరుగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే, తరువాత చెప్పబోయేవన్నీ సులభంగా బోధపడతాయి.

అన్ని బండ్లూ ఇలాగే ఉంటాయని కాదు. ఐక్యూబ్‌లో మోటారు చక్రంలోనే ఉంది. ఏథర్ 450లో మోటారు బండి మధ్యలో ఉండి, బెల్టు ద్వారా వెనుక చక్రాన్ని తిప్పుతుంది. 2020లో అమ్మకానికి వచ్చిన బ్యాటరీ చేతక్‌లో మోటారు చక్రం పక్కన గేర్లతో కలిసి ఉంటుంది. రిజిస్ట్రేషను అక్కరలేని చిన్న బండ్లలో, అంటే గంటకు 25 కిలోమీటర్లకు మించని వాటిలో, సాధారణంగా హబ్ మోటారే ఉంటుంది. ముందు చక్రంలో మాత్రం వీటిలో దేనికీ మోటారు ఉండదు. ముందు చక్రం పని మామూలు స్కూటరు చక్రం పనే. దాన్ని చూసి భయపడవలసింది ఏమీ లేదు.

ఇక పంక్చరు సంగతికి వద్దాం.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దలు అంటారు. పంక్చరు విషయంలో ఇది అక్షరాలా నిజం. ఇప్పటి స్కూటర్లలో ఎక్కువ భాగం ట్యూబులేని టైర్లు. ఇందులో గాలిని టైరూ రిమ్మూ కలిసి పట్టి ఉంచుతాయి. మేకు గుచ్చుకున్నా గాలి ఒక్కసారిగా పోదు, మెల్లగా పోతుంది. ఇలాంటి టైరుకు చక్రం తీయనవసరమే లేదు. బండిని సెంటరు స్టాండు మీద నిలబెట్టి, తాళం తీసేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ మేకు ఎక్కడ ఉందో చూడాలి. కనబడకపోతే సబ్బు నీళ్లు రాస్తే బుడగలు వచ్చిన చోటే రంధ్రం. ఆ చోట సుద్దతో గుర్తు పెట్టుకుని, మేకు ఏ వాలున దిగిందో గమనిస్తూ పీకాలి. ఆకురాయిలా గరుకుగా ఉండే సూదిని అదే వాలున దించి, రంధ్రం లోపలి అంచులు గరుకు చేయాలి. తరువాత జిగురు పట్టించిన రబ్బరు పట్టీని, అంటే షాపువారు స్ట్రిప్పు అనేదాన్ని, సూదికి ఎక్కించి లోపలికి తోసి, సూదిని మాత్రం వెనక్కి లాగాలి. పైకి మిగిలిన ముక్కను కొద్దిగా ఉంచి కత్తిరించి, గాలి పట్టి, మళ్లీ సబ్బు నీళ్లు రాసి చూడాలి. బుడగ రాకపోతే పని అయినట్టే.

అయితే ఈ పట్టీ వేయడానికి కొన్ని హద్దులు ఉన్నాయి. నేలను తాకే భాగంలో, అంటే గళ్లున్న చోట మాత్రమే వేయాలి. టైరు పక్క గోడకు రంధ్రం పడితే పట్టీ వేయకూడదు. బండి నడిచేటప్పుడు ఆ గోడ అస్తమానం వంగుతూ, లేస్తూ ఉంటుంది. పట్టీ అక్కడ నిలవదు. రంధ్రం 6 మిల్లీమీటర్లకన్నా పెద్దదైనా, కోతలాగా చీలినా టైరు మార్చడమే మంచిది. గాలి లేకుండా చాలా దూరం నడిపిన టైరు అయితే లోపలి గోడ నలిగి పొడి రాలుతుంది. పైకి బాగానే కనిపించినా దాన్ని నమ్మకూడదు.

ట్యూబు ఉన్న టైరు మాటేమిటి? చిన్న బండ్లలో ఇవి ఇంకా ఉన్నాయి. ఇక్కడ కూడా చక్రం తీయకుండానే పని జరిగే ఉపాయం ఒకటి ఉంది. మేకు ఉన్న చోటు ముందుగా గుర్తు పెట్టుకుని, వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేయాలి. టైరు అంచును ఒకవైపు మాత్రమే లీవర్లతో రిమ్ము బయటికి తీసి, మేకు దిగిన చోట ట్యూబును బయటికి లాగాలి. అక్కడ రుద్ది, సొల్యూషను రాసి, అది ఆరనిచ్చి, ప్యాచీ వేసి తిరిగి లోపలికి పెట్టాలి. టైరు లోపల వేలితో తడిమి, మేకు ముక్క మిగల్లేదని రూఢి చేసుకోవాలి. వేలికి గుడ్డ చుట్టుకుని తడమండి. లేకపోతే టైరులో మేకు వేలిలోకి వస్తుంది.

ఇక చక్రం తీయక తప్పని సందర్భాలు కొన్ని ఉంటాయి. టైరు అరిగిపోవడం, ట్యూబు పూర్తిగా మార్చవలసి రావడం, గుంతలో పడి రిమ్ము నొక్కుకుపోవడం వంటివి. మోటారు బరువంతా వెనుక చక్రంలోనే ఉండడంవల్ల గుంతలో పడినప్పుడు ఈ చక్రానికి దెబ్బ గట్టిగా తగులుతుంది. అప్పుడేం చేయాలో వరుసగా చెబుతాను. బెల్టు, గేర్లు ఉన్న బండి అయితే వెనుక చక్రం పని ఆ బండి తెలిసినవారికే వదిలిపెట్టండి. నేను చెప్పేది హబ్ మోటారు ఉన్న చక్రం గురించి.

మొదటి పని, కరెంటు ఆపడం. తాళం తీసి జేబులో వేసుకోవాలి. సీటు కింద ఎం.సి.బి. స్విచ్చి ఉంటే దాన్ని కిందికి దించాలి. ఇది ఎందుకంటే, పెట్రోలు బండి అయితే ఇంజను చప్పుడు వినిపించి అది నడుస్తోందని తెలుస్తుంది. ఈ బండి తాళం వేసి ఉన్నా నిశ్శబ్దంగానే ఉంటుంది. పక్కనున్న పిల్లవాడు సరదాగా యాక్సిలరేటరు తిప్పాడంటే చాలు, చక్రం గిర్రున తిరుగుతుంది. ఆ సమయంలో మన వేళ్లు చక్రం దగ్గర ఉంటే వేళ్లు పోతాయి. ఈ బండిలో కరెంటుకన్నా ముందు భయపడవలసింది ఈ నిశ్శబ్దానికే. అలాగని కరెంటును తేలికగా చూడమని కాదు. బ్యాటరీ రెండు కొసలకూ పానా తగిలితే పెద్ద మెరుపు వస్తుంది, పానా కాలి ఎర్రబడుతుంది. బ్యాటరీ పెట్టెను విప్పవద్దు. టైరు పనికి దానితో అవసరమే లేదు.

రెండో పని, తీగలు చూసుకోవడం. హబ్ మోటారుకు సాధారణంగా మూడు లావు తీగలూ, ఐదు సన్న తీగలూ ఉంటాయి. లావు తీగలు మోటారుకు కరెంటు తెస్తాయి. సన్న తీగలు చక్రం ఏ స్థితిలో ఉందో కంట్రోలరుకు తెలియజేస్తాయి. ఇవన్నీ ఇరుసు మధ్యనున్న బెజ్జంలోంచి బయటికి వస్తాయి. విప్పే ముందు ఆ తీగలు ఎటునుంచి ఎటు వెళ్లాయో, ఏ రంగు దేనికి కలిసిందో సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోండి. ఆ ఒక్క ఫోటో తరువాత గంట శ్రమ తగ్గిస్తుంది. తీగలు కొంచెం పొడుగ్గా ఉండి, చక్రాన్ని బండి పక్కనే పడుకోబెట్టే వీలుంటే అసలు వాటిని ఊడదీయకండి. పీట ఒకటి వేసి దానిమీద చక్రాన్ని పెట్టుకుని టైరు పని చేసుకోవచ్చు. చక్రాన్ని మాత్రం తీగల మీద వేలాడనివ్వకూడదు. పది కిలోలకు పైబడిన బరువు ఉంటుంది, తీగలు తెగుతాయి.

మూడో పని, ఇరుసు నట్లు విప్పడం. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఇరుసు తిరగకూడదని చెప్పాను కదా. అందుకే ఇరుసు కొసలు గుండ్రంగా కాకుండా రెండు పక్కలా చదునుగా ఉంటాయి. ఆ చదును భాగానికి సరిపోయే ప్రత్యేకమైన వాషర్లూ, కొన్నిటిలో ఇనుప పట్టీలూ ఉంటాయి. మోటారు చక్రాన్ని ముందుకు తోసినప్పుడు ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపి పట్టుకునేవి ఈ వాషర్లే. ఇవి లేకుండానో, తిరగేసో, నట్టు వదులుగానో బిగిస్తే ఏమవుతుంది? నాలుగు రోజులు బాగానే నడుస్తుంది. ఒకనాడు ఎత్తు ఎక్కేటప్పుడు ఇరుసు గిర్రున తిరిగి, తన మధ్యలోంచి వచ్చే తీగలను తానే మెలిపెట్టి తెంపేస్తుంది. రోడ్డు మధ్యలో బండి ఆగిపోతుంది. మోటారు బాగుచేయడానికి వేలల్లో ఖర్చవుతుంది. పది రూపాయల వాషరు చేసే పని ఇంత పెద్దది. అందువల్ల నట్టు విప్పిన వెంటనే, ఏ వాషరు తరువాత ఏది వచ్చిందో అదే వరుసలో ఒక తీగకో, పుల్లకో గుచ్చి పెట్టుకోండి. కుడివైపువి వేరు, ఎడమవైపువి వేరు.

నాలుగో పని, టైరు ఊడదీయడం. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. టైరు అంచు రిమ్ముకు అంటుకుని ఉంటుంది. సుత్తితో బాదవద్దు. హబ్ మోటారు లోపల అయస్కాంతాలు అతికించి ఉంటాయి, దెబ్బలకు ఊడితే మోటారు పాడవుతుంది. సబ్బు నీళ్లు రాసి, కాలితోనో, నొక్కే పనిముట్టుతోనో నెమ్మదిగా నొక్కితే అంచు వదులుతుంది. లీవరు పెట్టే చోట రిమ్ము మీద పాత ట్యూబు ముక్క వేస్తే అల్యూమినియం రిమ్ము గీతలు పడదు. ఇక్కడ ఒక కిటుకు. లీవరు పెట్టిన చోటుకు సరిగ్గా ఎదురువైపున టైరు అంచును రిమ్ము మధ్యనున్న గాడిలోకి తోసి ఉంచాలి. అప్పుడు ఇటువైపు వదులు వచ్చి అంచు సులభంగా బయటికి వస్తుంది. గాడిలోకి తోయకుండా బలం చూపిస్తే అంచు లోపలి ఉక్కు తీగ తెగుతుంది, టైరు పనికిరాకుండా పోతుంది. బలంకన్నా ఒడుపు ముఖ్యమని చెప్పేది ఇందుకే.

పంక్చరు షాపు సోదరులకు ఇంకొక మనవి. మన అలవాటు ప్రకారం చక్రాన్ని అలాగే నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తాం. హబ్ మోటారు చక్రాన్ని మాత్రం తొట్టిలో ముంచవద్దు. అది వాననూ, రోడ్డుమీది నీటినీ తట్టుకోగలదు కాని, తొట్టిలో మునగడానికి చేసినది కాదు. ఇరుసు పక్కనుంచీ, తీగల బెజ్జంలోంచీ నీరు లోపలికి చేరితే తుప్పు పడుతుంది, సన్న తీగల దగ్గరి భాగాలు పాడవుతాయి. ట్యూబును విడిగా ముంచండి, టైరుకు బ్రష్షుతో సబ్బు నీళ్లు రాయండి. అదేవిధంగా మోటారు మూతను విప్పి చూడాలన్న కుతూహలం వద్దు. లోపలి అయస్కాంతాలు ఎంత బలమైనవంటే, మూత వెనక్కి లాగేసుకుని వేళ్లు నలిగిపోతాయి.

కొత్త టైరు కొనేటప్పుడు పాత టైరు పక్కనున్న అంకెలు చూడాలి. ఉదాహరణకు 90/90-12 అని ఉంటే, మొదటి 90 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. రెండో 90 అంటే ఆ వెడల్పులో నూటికి 90 వంతుల ఎత్తు. 12 అంటే రిమ్ము అడ్డుకొలత అంగుళాల్లో. అదే కొలత టైరు వేసుకోవాలి. ఇంకోచోట నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఏళ్ల తరబడి అంగడిలో ఎండిన టైరు తక్కువ ధరకు ఇస్తామన్నా తీసుకోవద్దు. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే, బండి ముందుకు వెళ్లేటప్పుడు చక్రం ఎటు తిరుగుతుందో అటువైపు ఆ బాణం ఉండాలి.

టైరు ఎక్కించేటప్పుడు అంచుకు సబ్బు నీళ్లు రాసి, వాల్వుకు ఎదురువైపున మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. గాలి పట్టేటప్పుడు అంచు టప్పుమని రిమ్ములో కూర్చుంటుంది. ఆ సమయంలో ముఖమూ, చేతులూ దూరంగా ఉంచాలి. టైరు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడిని ఎప్పుడూ దాటించకూడదు. అంచు పక్కన సన్నని గీత ఒకటి ఉంటుంది. అది రిమ్ముకు చుట్టూ సమాన దూరంలో కనిపిస్తే టైరు సరిగా కూర్చున్నట్టు.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తిరిగి బిగించడం. వాషర్లు పాత వరుసలోనే వేయాలి. తీగలు ఇరుసులోంచి బయటికి వచ్చే చోటు కొంచెం కిందికి చూసేట్టు ఉంటే వాన నీరు తీగ వెంట మోటారులోకి పోదు. తీగ టైరుకు రాసుకోకుండా కట్టాలి. లావు తీగలు ఊడదీసి ఉంటే రంగుకు రంగు కలపాలి. మార్చి కలిపితే చక్రం గజగజ వణుకుతుంది, లేదా కదలకుండా మూలుగుతుంది. కలిపిన చోట వదులుగా ఉన్నా ప్రమాదమే. అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్కు కరుగుతుంది. నట్టు ఎంత గట్టిగా బిగించాలో బండి పుస్తకంలో అంకె ఉంటుంది. ఆ కొలత పానా షాపులో ఒకటి కొనిపెట్టుకుంటే పెట్టుబడి వృథా కాదు. బ్రేకు పనిచేస్తోందో లేదో చూసి, చక్రాన్ని స్టాండు మీదే ముందు చేత్తో, తరువాత తాళం వేసి నెమ్మదిగా తిప్పి చూసి, ఆపైనే రోడ్డెక్కాలి. ఒక యాభై కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ ఒకసారి పానా పట్టి చూసుకోవాలి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల? చాలా పంక్చర్లు గాలి తక్కువగా ఉండడంవల్ల వచ్చే తిప్పలే అని షాపువారిని అడిగితే చెబుతారు. వారానికి ఒకసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోండి. ముందు చక్రానికి ఎన్ని పౌండ్లు, వెనుక చక్రానికి ఎన్ని పౌండ్లు అనేది బండి మీద అంటించిన కాగితం మీదా, పుస్తకంలోనూ ఉంటుంది. గాలి తగ్గితే టైరు అరగడమే కాదు, ఒక చార్జింగుకు వెళ్లే దూరమూ తగ్గుతుంది. టైరు గళ్ల మధ్య చిన్న గట్టులాంటి గుర్తు ఉంటుంది. గళ్లు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు మార్చే సమయం వచ్చిందని అర్థం. వానాకాలంలో అరిగిన టైరు సబ్బు ముక్కలా జారుతుంది.

పంక్చరు షాపు సోదరులారా, ఈ బండ్లు పోయేవి కావు, ఇంకా పెరిగేవే. మీ చేతిలోని లీవరూ, సొల్యూషనూ, ఒడుపూ వీటికీ పనికివస్తాయి. కొత్తగా నేర్చుకోవలసింది కొంచెమే: ముందు కరెంటు ఆపాలి, తీగలు కాపాడాలి, వాషర్ల వరుస తప్పకూడదు, మోటారును నీళ్లలో ముంచకూడదు. ఈ నాలుగూ వంటబడితే "నేను ముట్టుకోను" అనవలసిన అవసరం మీకు రాదు. దారిలో ఆగిపోయిన మనిషి మీ షాపు దీపం చూసి ధైర్యంగా బండి తోసుకుని వస్తారు.